ఉబ్బెత్తు త్రికోణాలు

రాజమండ్రిలో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. ప్లైవుడ్ పలక మీద పుట్టీ పరిచి, స్కేలు పెట్టి త్రికోణాలు, చదరాలు ఉబ్బెత్తుగా లేపుతాను. ఈ రోజుల్లో హాలు గోడలకు అవే తగిలిస్తున్నారు. మిషను మీద కోసినవి చవకగా దొరుకుతున్నా నా దగ్గరికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. దానికి కారణం నా వేళ్లేనని నా నమ్మకం. ఆరిన పలక మీద కళ్లు మూసుకుని వేళ్లు పోనిస్తే, ఏ అంచు వెంట్రుకవాసి లేచినా తెలిసిపోయేది. నేను సరేనన్న పలకను ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మా ఆవిడ దుమ్ము తుడవబోతే ఇంటికప్పు ఎగిరేలా అరిచాను.

షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. అరికాళ్లు మొద్దుబారాయని డాక్టరుగారికి చెప్పాను గానీ, వేళ్ల సంగతి నాకు నేనే చెప్పుకోలేదు.

నిరుడు కాకినాడలో ఒక బట్టల షాపు యజమాని కొత్త ఇంటికి పెద్ద పలక చేశాను. అది చేసిన పది రోజులూ మా ఆవిడ తన చెల్లెలి పురిటికని పిఠాపురం వెళ్లి ఉంది. హాల్లో పలక బిగించి, పైనుంచి లైటు వేశారు. అలా గోడ వెంట పడే వెలుతురులో ఏ లోపమూ దాగదు. అంచులన్నీ వంకరటింకర. నీడలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఆయన చాలాసేపు చూసి, "ఇది మీరు చేసిందేనాండీ?" అని అడిగారు. పుట్టీ మంచిది కాదన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి పుట్టీని, వానాకాలం చెమ్మని, ఆ లైటు పెట్టినవాణ్ణి కలిపి తిట్టాను. ఆవిడ అంతా విని నెమ్మదిగా అంది.

"రెండేళ్ల నుంచీ మీ వేళ్లకు అంచులు తెలియట్లేదండి. మధ్యాహ్నం మీరు పడుకున్నాక ఎమరీ కాగితం పెట్టి నేనే రుద్దుతున్నాను. ఈసారి నేను లేను కదా."

ముందు కోపమే వచ్చింది, నా పలక ముట్టుకుందని. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే పని మానేసి మంచం పడతారని భయమేసిందంది.

ఇప్పుడు మా మధ్య దాపరికం లేదు. గీయడం నాది, రుద్దడం ఆవిడది. పలక కింద సంతకం మాత్రం నాదే.

మొన్న బ్యాంకులో ఇద్దరినీ వేలిముద్రలు వేయమన్నారు. ఆవిడ బొటనవేలిని మిషను తీసుకోలేదు. తడిగుడ్డతో తుడిపించి పది వేళ్లూ ఒక్కొక్కటే పెట్టించారు. గీతలన్నీ అరిగిపోయాయి. ఏం పని చేస్తారమ్మా అని కౌంటర్లో అమ్మాయి అడిగింది.

"పనేం లేదమ్మా, ఇంట్లోనే ఉంటాను."

పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు. తర్వాత నన్ను పెట్టమన్నారు. స్పర్శ లేని నా వేలికి మొదటిసారికే పచ్చలైటు వెలిగింది.