బావ బోటు, పరాయి పుల్లరు

పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయిన ఏడాదే మా బావ బోటు కొన్నాడు. ఓడినవాళ్ళు కొందరు తీర్థయాత్రలకు వెళ్తారు, కొందరు గెలిచినవాడి పార్టీలో చేరిపోతారు. మా బావకు ఆ రెండో దారి లేదు. గెలిచినాయనా ఈయనా మొదటినుంచీ ఒకే పార్టీ.

బావ అంటే మా అక్క భర్త. ఉద్దానంలో కొబ్బరితోట, జీడితోట ఉన్న మనిషి. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. కానీ భావనపాడులో బోటు యజమాని అనిపించుకుంటే వచ్చేసారి వేటకెళ్ళేవాళ్ళ ఓట్లన్నీ తనవేనని ఎవరో చెవిలో ఊదారు. అంతే, విశాఖ నుంచి ఒక పాత బోటును, దాని కడుపులోని పెద్ద మెరైన్ డీజిల్ ఇంజిన్‌తో సహా తెప్పించాడు. దానికి పూలదండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు, ఫొటో తీయించుకున్నాడు. ఇంజిన్ సంగతి మాత్రం ఎవరినీ అడగలేదు.

ఇంజిన్ తన సంగతి మొదటిరోజే చెప్పింది. సరంగు, అంటే బోటు నడిపే ఆయన, స్టార్టు చేయగానే కాటుకలాంటి పొగ లేచి ఒడ్డుమీదకు పాకింది. ఒడ్డున ఆడవాళ్ళు చేపలు ఆరబెట్టుకున్నారు. పొగంతా పోయి వాటిమీద కూర్చుంది.

"ఓలమ్మో, నా సేపలు సూడండే! ఇయ్యి ఎవుడు కొంతాడు?" అని ఒకామె బావ మీదకు వచ్చింది.

బావ అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించి నవ్వాడు.

"ఆ దండాలు ఓట్లప్పుడు పెట్టినావు గదా బాబూ! ఇప్పుడు పొగెట్టడానికొచ్చినావేటి?"

నేను ఎప్పుడో ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, తర్వాత జీడితోట చూసుకుంటున్నవాణ్ణి. అదే నా పాపం. "ఒరే బామ్మర్దీ, నువ్వు సదివింది ఇదే గదా, సూడు" అని బావ నన్ను ఇంజిన్ గదిలోకి దింపాడు. చూశాను. డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మాల్సిన ఇంజెక్టర్లు ఉప్పుగాలికి తుప్పుపట్టి హెడ్డులో బిగుసుకుపోయాయి. వాటిని విరగకుండా పైకి లాగాలంటే ఆ ఇంజిన్ మరలకు సరిపడే పుల్లరు కావాలి. వాల్వుల సందు కొలవడానికి పల్చటి ఉక్కు రేకులుండే ఫీలర్ గేజి కావాలి. ఇంకేమీ అక్కర్లేదు. అవి లేకుండా చెయ్యిపెడితే ఉన్న ఇంజిన్ కూడా పోతుందని చెప్పాను.

బావ విన్నాడు. విని, మర్నాడే టెక్కలి నుంచి ట్రాక్టర్ మెకానిక్‌ను తెచ్చాడు.

ఆయన చేతిలో ఒక సుత్తి, ఒక ఉలి, ఒక విరిగిన హాక్సా బ్లేడు ఉన్నాయి. నేను ఏదో అనబోతే ఆపేశాడు. "ఇంజినంటే ఇంజినే బాబూ. నేలమీద తిరిగితే ట్రాక్టరు, నీల్లమీద తిరిగితే బోటు. ఇందులో ఏటుంది?" అన్నాడు. హాక్సా బ్లేడును సందులో దూర్చి వాల్వులు సెట్ చేశాడు. ఇంజెక్టరు మీద సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అది కదల్లేదు గానీ దాని నెత్తిన ఉన్న పైపు వంగింది. స్టార్టు చేస్తే పొగ అలాగే ఉంది. దానికి తోడు ఇప్పుడు జీడిపిక్కలు కొడుతున్నట్టు టకటకా చప్పుడు కూడా వచ్చింది. "సౌండొచ్చిందంటే పవరొచ్చినట్టే" అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

అప్పుడు బావకు నా మాట గుర్తొచ్చింది. ఇద్దరం బండిమీద పలాస వెళ్ళాం. మొదటి షాపులో "మెరైన్ ఇంజిన్‌కి టూల్స్ కావాలి" అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "మెరైనంటే పోలీసోళ్ళకేటి?" అన్నాడు. కాదన్నాక ఆయనకు మామీద ఆసక్తి పోయింది. రెండోది హార్డ్‌వేర్ షాపు. "మెరైనా? ఉంది. ఏ సైజు కావాల?" అని చాలా హుషారుగా లోపలికి వెళ్ళి ప్లైవుడ్ షీటు మోసుకొచ్చాడు. నీళ్ళలో నానినా ఉబ్బదని, వంటింటి అలమరలకు ఇదే వేస్తున్నారని చెప్పాడు. మూడో షాపు యజమాని మాత్రం మా మొహాలు చూసి మంచి బేరం పసిగట్టాడు. ఎర్రటి పెట్టె తీసి మూత ఎత్తాడు. లోపల వెండి సామాన్లలా మెరిసే స్పానర్లు.

"ఇందులో పుల్లరు లేదు బావా" అన్నాను.

"ఇన్నున్నాయి, ఏదో ఒకటి పట్టకపోద్దేటి?" అన్నాడు బావ.

ఏదీ పట్టలేదు. ఆ పెట్టె ఇప్పుడు మా అక్క కుట్టుమిషన్ సామాన్లకు పనికొస్తోంది.

తర్వాత ఫోనులో ఆర్డరు పెట్టాం. బొమ్మలో ఉన్నదీ, పేరులో ఉన్నదీ పుల్లరే. వచ్చింది మాత్రం బేరింగులు లాగే మూడు కాళ్ళది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి, కొబ్బరికాయలు వొలవడానికి పనికొస్తుందేమోనని ప్రయత్నించాడు. దానికీ పనికిరాలేదు.

వేట నిషేధం రోజులు అయిపోవచ్చాయి. ఒడ్డున అందరూ వలలు సర్దుకుంటున్నారు. సరంగు ఒకరోజు ఇంటికే వచ్చి, నీళ్ళు నమిలి నమిలి అసలు మాట చెప్పాడు. "సర్పంచి బాబుకు ముందు అలాటి ఇంజినే ఉండేది. బోటమ్మీసినాడు గానీ టూల్స్ అమ్మలేదు. బీరువాలో ఉన్నాయి."

సర్పంచి బాబంటే మా బావను ఓడించినాయన.

"ఆడి గుమ్మం తొక్కడం కన్నా బోటు ముంచేత్తాను" అన్నాడు బావ.

మా అక్క బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది: "ముంచాలన్నా లోతుకెల్లాల గదా. దానికైనా ఇంజిన్ తిరగాల."

వెళ్ళాం. సర్పంచి మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "రా అల్లుడూ, రా. నువ్వొత్తావని తెలుసు" అని వరస కలిపి కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. టీ చల్లారేదాకా కొబ్బరి రేటు గురించి, తుపానుకు పడిన చెట్ల గురించి మాట్లాడాడు. ఈలోగా ఊళ్ళో ఒక్కొక్కళ్ళే ఏదో పనున్నట్టు వచ్చి అరుగుమీద చేరారు. వాళ్ళు సరిపడా పోగయ్యాక అడిగాడు. "ఇంతకీ ఏటి పని అల్లుడూ? అందరికీ ఇనబడేటట్టు సెప్పు."

బావ చెప్పాడు. ఎన్నికల సభలో మైకు పట్టుకుని కూడా ఆయన అంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదు, అంత తక్కువగానూ మాట్లాడలేదు.

"ఇత్తాను. ఎందుకివ్వను? ఊరి మంచికే గదా ఉన్నాను. కానీ నా టూల్స్ ఉన్నకాడ నానుంటాను" అన్నాడు సర్పంచి.

అన్నట్టే మర్నాడు వచ్చి మా బావ బోటు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పుల్లరు నూనె గుడ్డలో భద్రంగా ఉంది, గేజి రేకుమీద చిన్న తుప్పు మచ్చ కూడా లేదు. వస్తువును చూసుకోవడంలో ఆ మనిషికి వంక పెట్టలేం. ఇంజెక్టర్లు ఒక్కొక్కటీ పాలపళ్ళలా ఊడొచ్చాయి. టెక్కలి పంపించి నాజిళ్ళు బాగుచేయించాను, వంగిన పైపు మార్చాను, రేకు పెట్టి వాల్వుల సందు సరిచేశాను. బిగించి స్టార్టు చేస్తే టకటకలు పోయాయి. పొగ మొదట కాస్త వచ్చి, తర్వాత చూద్దామన్నా కనబడలేదు. అన్నాళ్ళ తిరుగుడు తర్వాత ఆ చప్పుడు వింటుంటే నాకు నిజంగా సంతోషం వేసింది. కాసేపు ఇంజిన్ గదిలోనే కూర్చుండిపోయాను.

పైకి వచ్చేసరికి చేపలావిడ సర్పంచికి దండం పెడుతోంది. "సల్లగుండు బాబూ, మా సేపలు కాపాడినావు." పక్కనే బోటు యజమాని నిలబడి ఉన్నాడు. ఆయనకు కుర్చీ లేదు.

బావ ఆ వారమే విశాఖ వెళ్ళి హార్బరు దగ్గర షాపులన్నీ గాలించి అచ్చం అవే పనిముట్లు కొనుక్కొచ్చాడు. బోటు ఎలాగూ నడుస్తోంది, వాటి అవసరం లేదు. బీరువాలో, సన్మానాల శాలువాల పక్కన పెట్టి తాళం వేశాడు. తర్వాత భావనపాడులో ఇంకొకరు అలాంటి బోటే తెచ్చుకున్నారు. దానికీ అదే రోగం. ఆయన బావ దగ్గరికి వచ్చాడు. బావ టీ తెప్పించాడు, కొబ్బరి రేటు గురించి మాట్లాడాడు, "రేపు రా, మనోళ్ళు కూడా ఉంటారు" అన్నాడు. ఆ రేపు మళ్ళీ రేపు అయింది.

మూడోసారి ఆయన వచ్చినప్పుడు బావ స్నానం చేస్తున్నాడు. మా అక్క బీరువా తీసి సంచి ఆయన చేతిలో పెట్టింది. "పట్టుకెల్లు తమ్ముడా, బేగి ఎల్లు. పనయ్యాక తెచ్చియ్యి."

స్నానం చేసి వచ్చిన బావ విషయం తెలిసి తల కూడా తుడుచుకోకుండా బండి తీశాడు. సాయంత్రం నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. బోటు మీద ప్లాస్టిక్ కుర్చీలో బావ, చేతిలో పుల్లరు, కింద "అడగ్గానే ఆదుకున్న నాయకుడు" అని రాసి ఉంది. పుల్లరును తలకిందులుగా పట్టుకున్నాడు.

ఆ పనిముట్లు తిరిగొచ్చాక అక్క వాటిని బీరువాలో పెట్టనివ్వలేదు. వంటింటి తలుపు పక్కన మేకుకు సంచి తగిలించింది. కావలసినవాళ్ళు ఇప్పుడు పెరటి దారినే వచ్చి పట్టుకెళ్తున్నారు, తెచ్చి అక్కడే తగిలిస్తున్నారు. బావ మాత్రం వీధి అరుగుమీద ఖాళీ కుర్చీలు వేసుకుని, ఈ మధ్య ఇంజిన్లు ఎవరివీ చెడిపోవడం లేదేమిటా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు.