చిన్న ట్యాబ్‌పై నేనిచ్చిన తీర్పు

మావాళ్ల పెళ్లిళ్లలో భోజనాల దగ్గర ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంటుంది. మా బావమరిది అంగడి పెట్టిన కొత్తలో తెచ్చిన చిన్న ట్యాబ్‌లు ఒట్టి నాసిరకమనీ, దెబ్బ తిన్న తర్వాతే అతను మంచి సరుకు తేవడం నేర్చుకున్నాడనీ. ఆ మాట పుట్టించినవాణ్ణి నేనే. అది తప్పు. అప్పుడు తెచ్చిన సరుకూ ఇప్పుడు అమ్ముతున్న సరుకూ ఒకటే. ఎవరైనా ఆ మాట ఎత్తితే అతను నవ్వి ఇంకో లడ్డు వేయించుకుంటాడు. అతను చెప్పడు కాబట్టి నేనే రాయాల్సి వచ్చింది.

కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో నాకు ఇళ్లలో నేలకు పరిచే బండలు పాలిష్ చేసే షెడ్డు ఉంది. పెళ్లి కాకముందు నుంచీ నాది అదే పని. బండను వేలి కణుపుతో తట్టి, మోత విని, లోపల పగులు ఉందో లేదో చెప్పగలను. ఇల్లు కట్టుకునేవాళ్లకు నా మాట మీద నమ్మకం. ఆ నమ్మకం పోనుపోను బండలు దాటి బయటికి పాకింది. మోటారు కొనేవాళ్లు, ఫ్యాన్లు కొనేవాళ్లు, చివరికి ఒకాయన పెళ్లిచూపులకు వెళ్తూ కూడా నన్ను రమ్మన్నాడు. నాకూ అది ముచ్చటగానే ఉండేది. అడిగిన ప్రతిదాని మీదా ఏదో ఒక తీర్పు చెప్పేవాణ్ణి.

మా ఆవిడ తమ్ముడిది కడప దగ్గర కమలాపురం. డిగ్రీ చదివాడు. వాళ్ల నాన్న చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసుకోమంటే, తనకు ఫోన్లు, కంప్యూటర్ల అంగడి పెట్టాలని ఉందని పట్టుబట్టి కల్లూరు వచ్చాడు. మా మామ ఒకే షరతు పెట్టాడు. "ఉగాది దాకా చూస్తా. నడిచిందా, సరే. నడవల్యా, మూట కట్టుకోని తోటకు వచ్చేయాల." ఆయన మాట అంటే అంతే.

అంగడి తెరిచిన కొన్నాళ్లకు బావమరిది ఒక చిన్న ట్యాబ్ పట్టుకుని నా షెడ్డుకు వచ్చాడు. పుస్తకమంత ఉంది. ఒక మాదిరి ఫోను ధరలో సగానికే వస్తుందట.

"బావా, ఇది నువ్వు పెట్టుకో. వాడి చూడు. బాగుంటే నలుగురికీ ఒక మాట చెప్పు. నీ మాటంటే ఈడ అందరికీ గురి."

"బాగలేకుంటే?"

"బాగలేకున్నా చెప్పు. నేనేమీ అనుకోను."

నాకూ అలాంటిది ఒకటి అవసరమే. కొనడానికి వచ్చేవాళ్లు బండల ఫోటోలు చూపించమంటున్నారు. నా దగ్గరున్నది బటన్ల ఫోను. అది చాలని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఫోటోలు పంపడం, డబ్బులు వచ్చాయో లేదో చూడటం, అంతా మా ఆవిడ ఫోన్లోనే.

బండను పరీక్షించినట్టే ఆ ట్యాబ్‌నూ పరీక్షించాను. ముందు వెనకవైపు తట్టి చూశాను. మోత బాగానే ఉంది. ఎండలోకి తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం తెర మీద నా ముఖం తప్ప ఇంకేమీ కనపడలేదు. పాలిష్ మిషన్ ఆడుతుండగా పాట పెట్టించాను. పాడుతున్నట్టే తెలియలేదు. మా ఆవిడ తీసి పెట్టిన ఫోటోల్లో నల్ల బండ నీలంగా, ఎర్ర బండ వంకాయ రంగులో కనిపించాయి. అవన్నీ చిన్న లోపాలే. అసలు లోపం వేరే. నేను నొక్కితే తెర కదలదు. మెల్లగా నొక్కినా కదలదు, గట్టిగా నొక్కినా కదలదు. పక్కకు జరపబోతే ఒక్కోసారి వణికి ఆగిపోతుంది.

బావమరిదిని పిలిపించాను. అతను వేలు పెట్టగానే తెర చకచకా కదిలింది.

"బాగానే ఉండాదే బావా."

"నీకు పని చేస్తే ఏం లాభమప్పా? కొన్నోనికి పని చేయాల."

అతను నా వైపు, నా చేతుల వైపు, పక్కనున్న నా పనివాళ్ల వైపు చూశాడు. "సరేలే బావా" అని ట్యాబ్ అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మామూలుగా మేము కలిసే టీ కొట్టు దగ్గర నా తీర్పు చెప్పేశాను. నూనె మిల్లాయన, సిమెంటు అంగడాయన, విత్తనాల అంగడాయన, ముగ్గురూ ఆ ట్యాబ్ కొనాలనే అనుకుంటున్నారు.

"ఏమప్పా, ఎట్లుండాది?" అన్నాడు నూనె మిల్లాయన.

"బొమ్మ మాదిరి ఉండాది. గోడకు తగిలించుకోడానికి శానా బాగుంటాది."

అందరూ నవ్వారు. "సొంత బావమరిది సరుకునే బాగలేదన్నాడంటే మనిషి నిక్కచ్చప్పా!" అని సిమెంటు అంగడాయన నా టీకి కూడా తనే డబ్బులిచ్చాడు. ఆ మెప్పు నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. మాట కల్లూరంతా పాకింది. బావమరిది అంగడిలో ట్యాబ్‌ల పెట్టెలు దించినవి దించినట్టే ఉండిపోయాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ వంటింట్లో ఆ ట్యాబ్‌ను చెంబుకు ఆనించి పెట్టుకుని వంకాయలు తరుగుతోంది. వేలితో అలా అంటే బొమ్మ మారుతోంది. ఇలా అంటే పెద్దదవుతోంది.

"అది నీకు ఎట్ల పని చేస్తాండాది?"

"వేలు పెడితే పని చేస్తాండాది. నువ్వేం పెట్టినావు, బండరాయా?"

నేను నొక్కాను. కదల్లేదు. ఆమె నొక్కింది, కదిలింది. ఆమె నా చెయ్యి తిప్పి చూసి పకపకా నవ్వింది. ఇన్నేళ్లు బండల సున్నపు బురదలో నాని, ఎండి, నా వేళ్ల కొసలు గరుకుదేరి చెక్కల్లా అయిపోయాయి. గీతలు కూడా అరిగిపోయాయి. "మోచేత్తో చూడు" అంది. మోచేత్తో పని చేసింది. "ముక్కుతో చూడు" అంది. ముక్కుతో అయితే ఇంకా బ్రహ్మాండంగా పని చేసింది. ముక్కుతో తోసుకుంటూ పది ఫోటోలు చూశాను. ఆమె కత్తిపీట పక్కన పెట్టి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత వేళ్లకు కొబ్బరినూనె పట్టించి మర్దన చేసింది. కాసేపటికి ట్యాబ్ నా చూపుడు వేలికి కూడా కాస్త లొంగింది.

నవ్వడం అయిపోయాక ఆమె, "మరి టీ కొట్టు కాడ చెప్పొచ్చినావు గదా, పోయి సరిచేసి రా" అంది.

"రేపు చెప్తాలే" అన్నాను.

ఆ రేపు అంత తొందరగా రాలేదు. తప్పు చెప్పానని ఒప్పుకుంటే, రేపు బండల మీద నా మాట ఎవరు నమ్ముతారు? అది నా భయం. టీ కొట్టుకు పోతూనే ఉన్నాను. ట్యాబ్ మాట వస్తే క్రికెట్ గురించి మాట్లాడేవాణ్ణి. నాకు క్రికెట్ గురించి ఏమీ తెలియదు.

ఉగాది వారంలో ఉందనగా మా మామ ఫోను చేశాడు. పండగ కాగానే వచ్చి కొడుకును తీసుకెళ్తానన్నాడు. ఫోను పెట్టేసి మా ఆవిడ నా ముందుకు వచ్చి నిలబడింది. ఈసారి నవ్వడం లేదు.

"నువ్వు చెప్తావా, నన్నే పోయి చెప్పమంటావా? ముక్కు సంగతి కూడా చెప్తా."

ఆ సాయంత్రమే ట్యాబ్ చంకన పెట్టుకుని టీ కొట్టుకు పోయాను. "తప్పు దాంది కాదప్పా, నా వేళ్లది" అన్నాను. ఎవరూ నమ్మలేదు.

"బావమరిది ఏడ్చినాడా ఏమి?" అన్నాడు విత్తనాల అంగడాయన.

"ఇంట్లో అన్నం పెట్టల్యేమో" అన్నాడు నూనె మిల్లాయన.

నూనె రాయని వేలితో నొక్కి చూపించాను, కదల్లేదు. నూనె మిల్లాయన నొక్కాడు. వెన్నలా జారింది. సిమెంటు అంగడాయన నొక్కాడు. ఆయనకూ నాలాగే మొరాయించింది. ఆయన నవ్వు ఆగిపోయింది. టీ మాస్టరు తడి చెయ్యి పంచెకు తుడుచుకుని నొక్కితే తెర మీది బొమ్మ ఎగిరి ఎక్కడికో పోయింది. అంతే, అక్కడున్న ప్రతివాడికీ తన వేలు పాసో ఫెయిలో తెలుసుకోవాలనిపించింది. ఆ గుంపు గుంపుగానే బావమరిది అంగడికి నడిచింది. ఇంతమంది కలిసి రావడం చూసి అతను గొడవకు వచ్చారనుకుని లేచి నిలబడ్డాడు.

అతణ్ణి పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. అతను తల వంచుకున్నాడు.

"నాకు ఆ పొద్దే అర్థమైంది బావా. సిమ్ము కార్డుకు నీ బొటనవేలి ముద్ర పడకపోతే అక్క పేరు మీద తీసుకుంటిమి గదా."

"మరి చెప్పొచ్చు గదప్పా!"

"నీ షెడ్డులో, నీ పనోళ్ల ముందర, నీ వేళ్లు బాగలేవని ఎట్ల చెప్పేది?"

అతను నా మర్యాద కాపాడటానికి తన అంగడిని పణంగా పెట్టాడు. నేను నా మర్యాద కాపాడుకోవడానికి కూడా అతని అంగడినే పెట్టాను.

ఆ రోజే నూనె మిల్లాయన ఒక ట్యాబ్ కొన్నాడు. ఎండలో కనపడదనీ, గట్టిగా పాడదనీ, రంగులు నమ్మొద్దనీ నేనే దగ్గరుండి చెప్పాను. "ఇంత ధరకు ఇంతకంటే ఏం చేస్తాదిలే" అని ఆయనే నన్ను సముదాయించాడు. సిమెంటు అంగడాయన లాంటివాళ్ల కోసం బావమరిది కొసన రబ్బరు ఉన్న పెన్నులు తెప్పించాడు.

పండగ మరునాడు మా మామ దిగాడు. నేరుగా అంగడికే వచ్చి, నిలబడే బల్ల మీది ట్యాబ్ అందుకున్నాడు. జీవితమంతా పార పట్టిన వేళ్లు ఆయనవి. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. లోపల కొనేవాళ్లు ఉన్నారు. ఆయన గొంతు పెద్దది.

"ఇది చచ్చిపోయిండాదే..."

"మామా, అది బాగానే ఉండాది" అని నేను అడ్డుపడ్డాను. "మన చేతులే దానికి ఆనడంల్యా. నేనూ ఇట్లే చూసి, బాగలేదని ఊరంతా చెప్తి. ఈ అంగడి నడవకపోవడానికి కారణం నేను, నీ కొడుకు కాదు."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. నా చెయ్యి పట్టుకుని తిప్పి, తన చేతి పక్కన పెట్టి చూసుకున్నాడు. "అల్లుడు మన జాతోడే" అన్నాడు. బావమరిది రబ్బరు పెన్ను ఆయన చేతిలో పెట్టి, ఎద్దుల బండలాగుడు పోటీల వీడియో తీసి చూపించాడు. మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక జత అయ్యాక ఇంకో జత. ఎవరో వచ్చి ట్యాబ్ ధర అడిగితే, తల ఎత్తకుండానే, "వేలితో కాకుంటే పెన్నుతో పొడువప్పా" అని నేర్పించాడు.

మధ్యాహ్నం కావస్తుండగా బావమరిది భయంభయంగా అడిగాడు. "నాయనా, బట్టలు సర్దుకోమంటావా?"

"ఉండ్రా, ఈ ఎద్దులు ఇంకా గీత దాటల్యా."

సాయంత్రం కడప బస్సు ఎక్కింది మామ ఒక్కడే.