పూజ చేసిన బంతి

నిన్న ఆయుధ పూజలో మా మగ్గంతో పాటు మనవరాలు శైలజ ఫుట్‌బాల్‌కూ కుంకుమ పెట్టాను. ఈ రోజు ధర్మవరం గ్రౌండులో బడి జట్టుకు ఎంపిక జరిగింది. కోచ్ ఆ బంతితోనే ఆడించాడు. బంతి దగ్గరికి వస్తే పిల్ల కాలు పెట్టలేక నిలబడిపోయింది.

“ఫస్ట్ టచ్‌లోనే బంతిని అదుపు చేయాల. ఈ పాప కాలే కదపలేదవ్వా,” అని ఆయన పక్కన పెట్టేశాడు.

“పూజ చేసిన మగ్గాన్ని పొద్దున్నే నేను కాళ్లతో తొక్కి నేస్తిని కదే, బంతికేమైతాది?” అని శైలజకు చెప్పి, “ఇంకొక తూరి సూడప్పా,” అని కోచ్‌ను అడిగాను.

“ఎంపిక అయిపాయ కదవ్వా.”

శైలజ అప్పుడు తన్నింది. బంతి పోయి ఖాళీ గోల్‌లో పడింది. నేను తప్ప ఎవరూ చూడలేదు.

నాకు కోపం కూడా రాలేదు. పిల్ల ఎందుకు ఆగిందని నేర్పేవాడు ఒక్క మాట అడగాలా వద్దా, మీరే చెప్పండి.