ఉపవాసం నాటి ప్రసాదం

"ఆ దొన్నెలో ఏముంది వదినా? నిజం చెప్పండి."

"ప్రసాదం ఉండె. ఇంకేముంటది?"

"సోముగాడికి పెట్టారా?"

"నేనింత తిన్న, వానికింత పెట్టిన. ఏంది, గిట్ల పోలీసోళ్ల లెక్క అడుగుతవ్?"

"మరి డాక్టరుతో ఏమీ తినలేదన్నారేం?"

"తినలే గద! శనివారమాయె. నాతోని వాడు గూడ ఉపాసమే. ప్రసాదం తిండి లెక్కనా వదినె?"

నేతిలో కిస్మిస్ వేగి ఉబ్బే వాసన తగిలితే చాలు, నాకిప్పటికీ ఎదురింటి యాదమ్మ గారి గుమ్మం, ఈ మాటలే గుర్తొస్తాయి. మా ఇద్దరి మధ్యా గచ్చు మీద ఆవిడ కుక్క సోముగాడు పడుకుని ఉన్నాడు. పొద్దుటి నుంచి పాసు పోయలేదు. పిలిస్తే తోక కూడా కదపడం లేదు.

నల్లగండ్లలో మా అమ్మాయి ఫ్లాటుకు వచ్చిన కొత్తలో లిఫ్టు ఎక్కాలంటే భయపడి మెట్ల దగ్గరే కూలబడేదాన్ని. యాదమ్మ గారు వచ్చి చెయ్యి పట్టుకుని లాగారు. "పడితే ఇద్దరం పడదాం, రా. ఒక్కదానివే పోతవా ఏంది?" అన్నారు. మా బిల్డింగు ఉన్న చోటు ఒకప్పుడు ఆవిడ జొన్న చేను. పొలం పోయింది, బదులుగా ఫ్లాటు వచ్చింది. భర్త లేడు, పిల్లలు కలగలేదు. నేను ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. కానీ గంజి కూడా పారబొయ్యని ఆవిడ పద్ధతి నాకు నచ్చింది. కంచం ముందు కూర్చుంటే మొదటి ముద్ద కలిపి కిందకు చెయ్యి చాచేవారు. సోముగాడు తిన్నాకే రెండో ముద్ద ఆవిడ నోట్లోకి. "ఇంకో నోరు తినందే నాకు మింగుడుపడదు" అనేవారు. అన్నం పారెయ్యకూడదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తినేముందు పక్కకి చూడాలని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆదివారం వాడు వాంతులు చేసుకుంటే ఇద్దరం ఆటోలో శేరిలింగంపల్లి వైపు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చిన్నవాడు, ఓపిక గలవాడు. "ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లిపాయ, ఇలాంటివేమన్నా తిన్నాడామ్మా? కుక్కలకి పడవు" అని అడిగాడు. "ఏం తినలే బిడ్డా, నిన్నంత ఉపాసం" అన్నారు యాదమ్మ గారు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు, అప్పుడూ ఆడలేదు. ఖాళీ కడుపు వల్లేమోనని డాక్టరు సూది వేసి పంపించాడు.

సోమవారం సాయంత్రం వాణ్ణి చూద్దామని వెళితే తలుపు వెనక గుడి దొన్నె కనబడింది. అడుగున చక్కెర పొంగలి ఎండి, రెండు కిస్మిస్ పళ్ళు అంటుకుని ఉన్నాయి. గొడవ అక్కడే మొదలైంది.

"డాక్టరు కిస్మిస్ అని పేరు పెట్టి అడిగాడు కదండీ!" అన్నాను.

"దేవుని కాడిది విషమైతదా? గట్లనకు, కండ్లు పోతయ్!"

"నా కళ్ళు పోతే పోనీండి. వాడు పోతున్నాడు!"

 ఆవిడ దొన్నె వైపు చూశారు, వాడి వైపు చూశారు. వాణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నారు. ఆటోలో దారంతా వాడి చెవి నిమురుతూనే ఉన్నారు. గదిలో నలుగురు జనం ఉండగానే డాక్టరు ముందు నిలబడి, "ప్రసాదం పెట్టిన బిడ్డా. కిస్మిస్ ఉండె అండ్ల. తిండి కాదనుకున్న. నేనే పెట్టిన" అన్నారు. తప్పు గుడి మీదకీ నెట్టలేదు, డాక్టరు మీదకీ నెట్టలేదు. ఆయన రక్తం తీసి చూసి, "మొదటి రోజే తెలిసుంటే సెలైన్ ఎక్కించేవాళ్ళం అమ్మా. ఇప్పుడు కిడ్నీలు పనిచెయ్యడం లేదు. ఈ రాత్రికి ఇక్కడ ఉంచండి" అన్నాడు.

ఇప్పుడు నన్ను ఏ డాక్టరు ఏం తిన్నావని అడిగినా తులసి తీర్థంతో సహా చెబుతాను. మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ.

మర్నాడు పొద్దున్నే డాక్టరు ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళమన్నాడు. తెచ్చాం. బిల్డింగు చుట్టూ అంతా సిమెంటే, పూడ్చడానికి మట్టి లేదు. మున్సిపాలిటీ బండి వచ్చింది. పాత చీరలో చుట్టి ఆవిడే ఎక్కించారు. పైకి వచ్చి స్నానం చేసి, అన్నం వండి, కంచం ముందు కూర్చున్నారు. మొదటి ముద్ద కలిపి కిందకు చెయ్యి చాచారు. కాసేపు అలాగే ఉంచి, ఆ ముద్ద తిరిగి కంచంలో పెట్టి లేచిపోయారు.