సగం దారిలో లేచిన చెయ్యి

లోవరాజుది నర్సీపట్నం. జీడితోటల్లో పుట్టినవాడికి పడవలతో పనేమిటని చుట్టాలు ఎంత ఎగతాళి చేసినా వినక, కుర్రతనంలోనే బస్సెక్కి, వరాహ నది సముద్రంలో కలిసే చోట పడవల యార్డులో చేరాడు. ఈత రాదు. ఉన్నదల్లా గొంతు. కొత్త పడవను తాటిదుంగల మీద దొర్లిస్తూ ఊరంతా తాడు లాగుతుంటే, లాగమన్నా ఆగమన్నా అతని కేకే.

సగం దారిలో మాత్రం తప్పకుండా చెయ్యెత్తి ఆపేవాడు. పడవ యజమాని ఇంటి పెద్ద ఆడమనిషి వచ్చి పడవ ముక్కుకు పసుపునీళ్లు పోసేది. ఆ తర్వాతే పడవ ఏట్లో దిగాలి. అది ఆ ఊరి ఆనవాయితీ.

కిందటేడు యార్డుకు కొత్త హంగులొచ్చాయి. నదిలోకి కాంక్రీటు వాలు, దాని మీద ఇనుప పట్టాలు, పడవను మోసే చక్రాల బండి, దాన్ని తీగతాడుతో దింపే మోటారు. దుంగలు పొయ్యిల్లోకి పోయాయి. లోవరాజుకు మాత్రం పసుపు టోపీ పెట్టి, మోటారు తిప్పే మనిషికి సైగ చేసే పని ఇచ్చారు. ఆ టోపీ చూసుకుని ఎంత మురిసిపోయాడని!

“లోవరాజు గారూ, బండి కదిలాక నీళ్లు తగిలేదాకా ఆపకూడదండి. వాలులో ఉన్నపళంగా ఆపితే చక్రం పట్టా దిగిపోద్ది,” అని ఇంజినీరు పృథ్వీరాజ్ పదేపదే చెప్పాడు.

“నాకు తెల్దేటి బాబూ,” అన్నాడు లోవరాజు.

మొదట దించబోయింది కొండబాబు పడవను. సముద్రంలో చేపల వేట మీద నిషేధం ఆ రాత్రితో ముగుస్తుంది. నిషేధం తర్వాతి తొలి వేటే ఏడాదికి పెద్ద వేట. బండి కదిలి సగం దారికొచ్చింది. కొండబాబు తల్లి అప్పయ్యమ్మ పసుపునీళ్ల చెంబుతో ముందుకొచ్చింది. నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఆమెను చూడగానే లోవరాజు చెయ్యి లేచింది. మోటారు ఠక్కున ఆగింది.

కుదుపుకు చక్రం పట్టా దిగింది. పడవ ఒరిగి అడుగుచెక్క పగిలింది. బాగుచేసేసరికి వారం గడిచింది. ఈలోగా మిగతా పడవలన్నీ నిండుగా తిరిగొచ్చాయి.

“ఏటి మావా, ఇలా సేసీసినావు?” అన్నాడు కొండబాబు. తిట్టినా బాగుండేది.

అప్పయ్యమ్మ ఏడ్చింది. “నాదే తప్పు నాయనా. నానెదురు రాకుండా ఉండాల్సింది,” అంది.

ఆ మాటే లోవరాజును ఇప్పటికీ తినేస్తోంది. ఆమెకేం తెలుసు? ఇంజినీరు చెప్పింది తనకు. ముందే ఆమె గుమ్మం దగ్గరకెళ్లి, ‘బండి కదలకముందే పోసెయ్యమ్మా’ అంటే సరిపోయేది. ఊరంతటినీ కేకేసి నడిపిన నోటికి ఆ ఒక్క మాట రాలేదు.

ఎవరూ పొమ్మనలేదు. తనే టోపీ తీసి ఇంజినీరు బల్ల మీద పెట్టి నర్సీపట్నం బస్సెక్కేశాడు.

మొన్న ఇంకో పడవ దిగుతోందని తెలిసి, ఉండబట్టలేక వెళ్లాడు. పసుపునీళ్లు ముందే పోసేశారు. పసుపు టోపీ ఇప్పుడు సైగలు చేసే కుర్రాడు రాజుబాబు తల మీద ఉంది. లోవరాజు జనం వెనకాల నిలబడ్డాడు. పడవ సగం దారికొచ్చింది. అతని కుడిచెయ్యి దానంతటదే లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, పడవ ఏట్లో దిగేదాకా వదల్లేదు.