నెర్రె మీద ముగ్గు

మా సీమలో వాన పడితే జనం మొహాలు వెలుగుతాయి. నాకు మాత్రం గుండె దడ. కడప జిల్లాలో ఒక ముగ్గురాయి గనిలో పనిచేసేవాణ్ణి. మెట్లు మెట్లుగా తవ్విన ఆ గోతి గోడలు ఎక్కడ కదులుతున్నాయో కనిపెట్టడమే నా ఉద్యోగం. ఆ వారం రెండు రోజులు ముసురు పట్టింది. వాన వెలిశాక చూస్తే పైమెట్టు అంచున పొడుగాటి నెర్రె, బొటనవేలు దూరేంత.

నెర్రెకు అటొకటి ఇటొకటి ఇనుప మేకులు కొట్టి, పొద్దునా సాయంత్రం వాటి మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకున్నాను. రెండు రోజులు ఏమీ కదల్లేదు. అయినా మనసు కుదుటపడలేదు. అంతకు ముందు నెలలో ఇలాగే భయపడి విజిల్ ఊది పని ఆపిస్తే, ఒక్క రాయి కూడా రాలలేదు. అప్పటి నుంచి నేను "పిరికి సారు"ని. ఇంకోసారి ఉత్తినే ఊదితే, నిజంగా ఊదిన రోజు ఎవడూ పైకి రాడని నా బెంగ.

శుక్రవారం ఎనిమిదింటికి పోయి చూస్తే మేకులు లేవు. నెర్రే లేదు! దాని నిండా ఎర్రమన్ను మెత్తి, కళ్లాపి చల్లి, పైన పెద్ద చుక్కల ముగ్గు. షెడ్లు ఊడ్చే ఆమె పని అది. కోసిగి నుంచి మొగుడితో వలస వచ్చిన మనిషి. శుక్రవారం పూట యంత్రాలకు నిమ్మకాయలు కట్టి, ముందర ముగ్గేసేది ఆమే. మొగుడు సరిగ్గా ఆ గోడ కిందే పొక్లెయిన్ నడుపుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కొలతలన్నీ బూడిదలో పోసినట్టయింది. "ఎవురు చెప్పినారమ్మా నీకు? మేకులు యాడ?"

"చుక్కలకు అడ్డమొచ్చినాయి సార్, పీకి పక్కన పెట్టినా," అంది. "నా మొగుడు కింద ఉండాడు. నెత్తిమీద నేల నోరు తెరుచుకోనుంటే ఎట్ల? ఆరింటికే వచ్చి మన్ను మెత్తినా."

"నీ తెలివి తెల్లారినట్లే ఉండాది! చీపురు తెచ్చి మొత్తం తుడువు ముందు!"

చీపురు తెచ్చింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది. "ఎవురో తొక్కినారు సార్. నా గీత ఇట్ల లేదు."

"సాకులు చాలు గానీ తుడువు!"

"సాకు కాదప్పా," గొంతు పెంచింది. "బుద్ధెరిగినప్పటి నుంచి ఏస్తాండా. నా చేతికి వంకర గీత రాదు. చూడు ఈడ."

విసుక్కుంటూనే మోకాళ్ల మీద కూర్చున్నాను. అడుగు గుర్తు ఒక్కటీ లేదు. పచ్చిమన్నులో పొడుగునా సన్నటి చీలిక. ఆ చీలిక దగ్గర ప్రతి గీతా తెగి ఉంది. గోతి వైపు సగం ముగ్గు వేలి మందాన కిందికి దిగింది. రెండు గంటల్లో అంత!

ఆమెను లాక్కుని గోతిలోకి దిగే దారి మలుపు దాకా పరిగెత్తి విజిల్ ఊదాను. కింద ఎవరూ కదల్లేదు. ఒకడు చేయి ఊపి నవ్వాడు కూడా. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడామె చీపురు పైకెత్తి ఊపుతూ కేకేసింది: "యో! నా మీద ఒట్టు! బండి దిగు, పైకి రా!"

పొక్లెయిన్ ఆగింది. అతను దిగి పరిగెత్తాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ పరిగెత్తారు. పైకొచ్చాక మొగుడు సద్దిగిన్నె మరిచానని వెనక్కి తిరగబోతే, ఆమె అతని చొక్కా పట్టుకుని గుంజింది. ఆ గుంజులాటలో ఉండగానే గోడ జారింది. దుమ్ము సర్దుకున్నాక పొక్లెయిన్ చేయి ఒక్కటే పైకి కనబడింది.

"పిరికి సారే బతికించినాడప్పా," అన్నారు అందరూ. ఆమె కూడా నాకు చేతులెత్తి మొక్కింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే పొద్దుటి మాటే గుర్తొచ్చింది. తుడువు, తుడువు అని రెండుసార్లు అరిచింది నేను. ఆమె తుడవలేదు, అంతే.