పాకాల దొరసామికి అమ్మిన మోటారు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన ముఖం ముందు ఈ మాట ఎన్నడూ నా నోరు దాటలేదు. రెండుమూడు సార్లు పెదవుల దాకా వచ్చి, దగ్గుగా మారి, వెనక్కి పోయింది. ఏళ్ళ తరబడి ఒక బరువు మోస్తున్నాను. పనుల్లో పడితే అది లేనట్టే ఉంటుంది. ఎవరైనా మోటారు కారు ఆపి, ముందు మూత తీసి నీళ్ళు పోస్తూ కనిపిస్తే మాత్రం నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

నేనొక మనిషిని మోసం చేశాను. అది చిన్న తప్పు. ఆ మోసం వల్ల జరిగినదాన్ని అతను తన తప్పనుకుంటే, చచ్చేదాకా అట్లాగే అనుకోనిచ్చాను. అది పెద్దది. నేను నోరు తెరిచి ఏమీ అనలేదు గదా, ఊరికే ఉండడం కూడా తప్పేనా? ఇట్లాంటి ప్లీడరు ప్రశ్నలు వేసుకోవడంలో నాకు చాలా తెలివి ఉంది. ఆ తెలివే కొంప ముంచింది.

మాది చిత్తూరు పక్కన పల్లె. నాయనకు మామిడి తోట, చెరకు మడులు ఉండేవి. యుద్ధానికి ముందు ఒక తెల్లదొర ఊరు వదిలి పోతుంటే అతని మోటారు కొన్నాడు. పెట్రోలు కూపన్ల మీదే దొరికే యుద్ధం రోజుల్లో అది గొడ్ల చావిడిలో ఎద్దుల పక్కన నిలబడిపోయింది. యుద్ధం ముగిసిన మరుసటేడు నాయన పోయాడు. మోటారు నా చేతికి వచ్చింది, అమ్మేద్దామనుకున్నాను. తోలడం వచ్చు గానీ, అమ్మడం నాకు చేతకాదు. అప్పటిదాకా నేనొక మేకను కూడా అమ్మి ఎరగను, బేరాలన్నీ నాయనే చూసుకునేవాడు. మా బావ, అంటే మా అక్క మొగుడు, నలుగురిలో కూర్చుని నవ్వేవాడు. "వీడు మోటారు అమ్మడమా! కొనేటోడికి అన్నం పెట్టి, మోటారు ఊరికే ఇచ్చి పంపిస్తాడు" అనేవాడు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆకలికి తప్పు చేసిన వాళ్ళున్నారు, భయానికి చేసిన వాళ్ళున్నారు. నేను బావ నవ్వుకు చేశాను.

మోటారుకు ఒక లోపం ఉండేది. రేడియేటరు, ఇంజను ముందర ఉండే నీళ్ళ తొట్టి, అడుగున పగిలింది. చిత్తూరులో తగరంతో మాటు వేయించాను, నిలవలేదు. మళ్ళీ వేయించాను, మళ్ళీ ఊడింది. కొత్తది మద్రాసులో కూడా దొరకని రోజులు. చూడడానికి వచ్చినవాళ్ళు మోటారు కిందికి వంగి, తడి చూసి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడొక లారీ డ్రైవరు నవ్వులాటగా చెప్పాడు, దోసెడు రాగి పిండి ఆ నీళ్ళలో వేసి ఇంజను తిప్పితే సంగటిలా ఉడికి కంతను పూడ్చేస్తుందని, కొన్నాళ్ళు దేవుడికి కూడా తెలియదని.

నేను వంటింట్లో రాగి పిండి తీసుకుంటుంటే నా భార్య అడిగింది, "ఎవురికి అంబలి?" అని. మోటారుకి అన్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. పాపం, ఆమెకు ఏమీ తెలియదు.

దొరసామి పాకాల స్టేషను ముందర జట్కా తోలేవాడు. రైలు దిగినవాళ్ళను చుట్టుపక్కల పల్లెలకు చేర్చేవాడు. చిత్తూరు బస్సుల దగ్గర తిరిగి మోటారు తోలడం నేర్చుకున్నాడు. గుర్రాన్నీ బండినీ వదిలించుకుని, సొంతంగా బాడుగ మోటారు పెట్టుకోవాలని మా ఇంటికి వచ్చాడు. వెంట భార్య కనకమ్మ, చెయ్యి పట్టుకుని ఒక్కగానొక్క చిన్నారి కూతురు. కనకమ్మ మళ్ళీ నీళ్ళోసుకుని కొన్ని నెలలైంది. నేను పొద్దున్నే మోటారు కడిగి, కింద నేలంతా తడిపి ఉంచాను. ఎక్కడన్నా ఒక చుక్క కారినా ఆ తడిలో కలిసిపోవాలని.

దొరసామి మోటారు చుట్టూ తిరిగాడు. గుర్రం కాలు తట్టినట్టు టైరును తట్టాడు. తర్వాత నా ముందుకొచ్చి, భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"గుర్రమైతే పండ్లు సూసి సెప్తా సామీ. దీనికి యాడ సూడాల్నో నాకు తెల్దు. మీరే సెప్పండి. లోపమేమన్నా ఉండాదా?"

అడిగాడు. అంత సూటిగా అడిగాడు. ఉంది అని ఒక్క మాట అని ఉంటే ఈ రోజు మీతో నాకు పనే ఉండేది కాదు.

"లోపముంటే నీకు అమ్ముతానా అప్పా? నమ్మకం లేకుంటే పద, కాణిపాకం పోదాం. కోనేట్లో మునిగి సామి ముందర చెప్తా."

మా వైపు కాణిపాకం ప్రమాణం అంటే దానికి పైన ఇంకో మాట లేదు. అక్కడ అబద్ధమాడినవాడు బాగుపడడని అందరి నమ్మకం. అందుకే ఒక మనిషిని ఆ ప్రమాణానికి రమ్మని పిలవడమంటే వాణ్ణి మొహం మీద దొంగ అన్నట్టే. జట్కా తోలేవాడు పెద్దరైతు కొడుకును అంతమాట అనలేడు. అది తెలిసే ఆ మాట నేను ముందు అన్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానంటే, దేవుడి దాకా పోవాల్సిన పని రాదని తెలిసే పెట్టుకున్నాను.

దొరసామి రెండు చెవులూ మూసుకున్నాడు. "అంత మాటెందుకు సామీ! మిమ్మల్ని పెమానానికి పిలిస్తే నా నోట్లో పురుగులు పడవా? మీ మాటే సాలు."

కనకమ్మ మోటారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. వెనక సీట్లో కూర్చుని, చేత్తో అదిమి చూసి, నా భార్యతో "ఎంత మెత్తగా ఉండాదమ్మా, మా ఇంట్లో పరుపు గూడా లేదు" అని నవ్వింది. ఆ నవ్వు చూసినప్పుడు నాలో ఏదో కదిలింది. కదిలి ఏం చేసింది? ఒక సలహా చెప్పించింది. బయల్దేరుతున్న దొరసామి దగ్గరికి పోయి, "పాత బండి గదా, దాహమెక్కువ. పొద్దున్నే నీళ్ళు పోసుకో. ఏం మరిచినా నీళ్ళు మాత్రం మరవద్దు" అన్నాను. సగం నిజం చెప్పేశాననుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. మరునాడు బావ భుజం తట్టి శభాష్ అంటే మహా గొప్పగా అనిపించింది.

పిండి నేననుకున్నదానికంటే ఎక్కువ కాలమే నిలిచింది. పల్లెలకు చిన్న చిన్న తిరుగుళ్ళు గదా. ఇంతలో కనకమ్మకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని, వేలూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. రైలు అప్పుడే వెళ్ళిపోయింది. సొంత మోటారు ఉంది గదా అని దొరసామి భార్యనూ అత్తనూ ఎక్కించుకుని బయల్దేరాడు. అంత దూరం ఆగకుండా అతను అంతకు ముందెన్నడూ తోలలేదు. చిత్తూరు దాటాడు. గుడిపాల దాటాక మోటారు పొగలు కక్కి, పట్టేసి, నిలిచిపోయింది. మూత తీస్తే లోపల చుక్క నీళ్ళు లేవు. ఎండలో, రోడ్డు పక్కన, ఒక ఎద్దులబండి దొరికేదాకా కనకమ్మ ఆ మెత్తటి సీటు మీదే ఉంది. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. బిడ్డా దక్కలేదు.

దినాలు అయిపోయాక దొరసామి మా ఇంటికి వచ్చాడు. నన్ను నిలదీయడానికి వచ్చాడనుకున్నాను. అతను అరుగు ఎక్కలేదు. కింద నేల మీద కూలబడ్డాడు.

"మీరు ఆ పొద్దే సెప్పినారు సామీ, నీల్లు మరవద్దని. నేనే ఆ తొందర్లో మరిసిపోయినా. నా సేత్తో నేనే సంపుకున్నా దాన్ని. మీ నాయన ముచ్చటపడి కొన్న బండి, నీల్లు లేక కాగి కాగి అడుగు పగిలిపోయింది. మన్నించండి సామీ."

పగుల్ని కూడా తన మీదే వేసుకున్నాడు. నన్ను మన్నించమన్నాడు. మీరే చెప్పండి, అంతకంటే అదను ఏ పాపికైనా దొరుకుతుందా? నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఊరుకో దొరసామీ. రాసిపెట్టి ఉంది. ఏం చేస్తాం?" అతను నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. నేను అతని వీపు నిమిరాను. ఈ చెయ్యే.

ఎందుకు చెప్పలేదు? పోలీసులకు భయపడ్డానా? లేదు, అది మనసులోకే రాలేదు. అతను నన్ను మంచివాడిలా చూస్తున్నాడు. ఆ చూపు పోతుందని చెప్పలేదు. ఇంతకంటే నీచమైన కారణం ఇన్నేళ్ళుగా వెతికినా నాకు దొరకలేదు.

కొన్నాళ్ళకు రైలు కోసం పాకాల పోయి, స్టేషను ముందర కాఫీ క్లబ్బులో కూర్చున్నాను. అక్కడ నీళ్ళు తోడే ఆమె ఎవరితోనో అంటోంది: "నేనే తోడిచ్చినా బిందెడు నీల్లు. నా కండ్ల ముందరే బండిలో పోసుకుని పోయినాడు. ఎవురూ ఇనరు. ఆ దొరసామే నమ్మడు, అది ముందునాటి మాట అంటాడు." ఆమె కాక ఆ మాట నిజమని తెలిసిన మనిషి ఈ లోకంలో నేనొక్కణ్ణే. కాఫీ తాగాను. రైలెక్కాను.

దొరసామి మళ్ళీ ఒక జట్కా సంపాదించుకున్నాడు. బయల్దేరేముందు గుర్రం పట్టీలు చూసేవాడు, ఇరుసు చూసేవాడు, నాలుగు బారలు పోయి ఆపి, దిగి, మళ్ళీ చూసేవాడు. ఎక్కినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. తన కండ్లను తానే నమ్మడం మానేశాడు. స్టేషను కూలీలు అతనికి మతిమరుపు దొరసామి అని పేరు పెట్టారు. నా ముందర కూడా అట్లాగే పిలిచేవాళ్ళు, అతను పలికేవాడు.

కూతుర్ని అమ్మమ్మ తన ఊరు నగరికి తీసుకుపోయింది. మీ నాయన మతిమరుపే మీ అమ్మను మింగిందని చెప్పి పెంచింది. దొరసామి గాజులో మిఠాయో పట్టుకుని నగరి పోతే, ఆ పిల్ల మగ్గం గదిలోకి పోయి తలుపేసుకునేదట. ఆ సంగతి అతనే నాకు చెప్పాడు, తప్పు పిల్లది కాదని సర్దిచెబుతూ.

నిరుడు దొరసామి పోయాడు. ఇంక ఆ చూపు పోతుందన్న భయమేముంది, కూతురికైనా చెప్పాలని నగరి వెళ్ళాను. నేతపని ఇల్లు. ఆమె చాప వేసి, మజ్జిగ ఇచ్చింది. కనకమ్మ ముఖమే. "మా నాయనకు మీరేమవుతారు?" అని అడిగింది. తెలిసినవాణ్ణి అన్నాను. "మంచోడే అంటారు అందురూ. మతే లేకపాయ" అని తల వంచుకుని నూలు చుట్టుకుంది. నేను మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి వచ్చేశాను.

మిమ్మల్ని మన్నించమని అడగను. మన్నించడానికి మీకేం నష్టం జరిగింది గనుక? మన్నించాల్సిన వాళ్ళలో ఇద్దరు లేరు, ఉన్న ఒక్కామెకు ఎవర్ని మన్నించాలో తెలియదు. మళ్ళీ నగరి పోతానో లేదో కూడా చెప్పలేను, నన్ను నేను బాగా ఎరుగుదును. అయినా ఒక్కసారి, ఒక్క మనిషితోనైనా ఈ మాట పైకి అనాలి. అంటున్నాను, గుండె కొంచెం తేలికగానే ఉంది, అందుకు కూడా సిగ్గుగా ఉంది. దొరసామికి మతిమరుపు లేదు. ఇంట్లో భార్య నొప్పులతో అరుస్తున్నా, అత్త లోపల్నుంచి త్వరగా రమ్మని కేకలేస్తున్నా, అతను ఆగాడు, మూత తీశాడు, నిండుగా నీళ్ళు పోశాడు.